ఒంటిగంట నుంచి రెండున్నర దాకా

మౌలాలి గుట్ట కింద నలభై మూడు మెట్లు దిగితే
ఒక ఇనుప తలుపు. పక్కన సున్నంతో
ఎవరో రాసిన "చెప్పులు ఇక్కడ".
లోపల, సీసపు ఇటుకల గూట్లో
నా పిడికిలి కంటే కాస్త పెద్ద స్ఫటికం.
ఉప్పులాంటిదే, చెమ్మ తగిలితే చెడిపోతుంది.
చీకట్లో ఏదైనా వచ్చి తాకితే
ఒక మిణుకు.
ఆ మిణుకుల్ని లెక్కపెట్టడం నా ఉద్యోగం.
లెక్కపెట్టి, ఇవి మనకు అక్కర్లేదని రాయడం.

బ్యాక్‌గ్రౌండ్ అంటాం దీన్ని.
పెళ్లి ఫొటోలో ఎవరి పేరూ తెలియని వెనక వరుస.
కావలసింది ఇంతవరకు ఒక్కసారీ రాలేదు.
రాకపోనూవచ్చు.
ఈలోగా వచ్చేవాళ్ల పేర్లు నేర్చుకున్నాను.
పద్నాలుగు వందల అరవై దగ్గర పొటాషియం:
ఈ ఊరి గులాబి రాయి నిండా అదే,
గోడల్లో, మెట్లలో, సమాధుల్లో.
కుడి కొసన ఒంటరిగా
థోరియం వంశంలో చివరివాళ్లలో ఒకడు.
ఫ్యాను ఆగిన రాత్రి రేడాన్ గదంతా పరుచుకుంటుంది,
తెల్లారేసరికి దాని పిల్లలు గ్రాఫు నిండా.
ఎప్పుడో ఒకసారి గుట్టనంతా తొలుచుకుని ఒక మ్యూయాన్
తలుపు కొట్టకుండా వచ్చి,
కూర్చోకుండానే వెళ్లిపోతుంది.

జూన్ డేటాలో ఒక గుంట కనిపించింది.
రోజూ ఒంటిగంట నుంచి రెండున్నర దాకా
లెక్క వందకు నాలుగు తగ్గుతోంది.
పెరిగితే ఏదో ఒకటి అనుకోవచ్చు.
రాయి రోజుకు గంటన్నర నోరు మూసుకోవడం ఏమిటి?
వోల్టేజీ చూశాను. ఏసీ చూశాను.
చర్లపల్లి వైపు పోయే గూడ్సుబండ్ల టైములు తెప్పించాను.
నా ప్రోగ్రాములో తప్పు కోసం రెండు వారాలు
నన్ను నేనే తిట్టుకుంటూ వెతికాను.
ఆదివారాలు గుంట లేదు.
శుక్రవారాలు అరగంట ఆలస్యం.
అప్పుడు తట్టింది.
రాయి జుమ్మా నమాజుకు పోదు.

మెట్లు దిగాను.
గూటికి ఒక పక్క ఇటుకల్లేవు,
మేలో వేరే ప్రయోగం వాళ్లు అడిగి పట్టుకుపోయారు.
ఆ సందుకు అడ్డంగా చాప పరిచి,
టిఫిను డబ్బా తలాపున పెట్టుకుని
మదార్ సాబ్ నిద్రపోతున్నాడు.
గోడలోంచి బయల్దేరినవి
ఆయన వీపులో ఆగిపోతున్నాయి.

లేచి కూర్చుని "ఈడ సల్లగుంటది మేడం" అన్నాడు.
ఇంకేం అడగాలో తోచక, ఏ ఊరని అడిగాను.
"గిదే. మా అబ్బ ఈ గుట్టకే రాళ్లు కొట్టిండు.
దగ్గి దగ్గి పోయిండు."
చాప చుట్టబోయాడు. వద్దన్నాను.

ఆయన ఒంట్లోనూ పొటాషియం ఉంది, నా ఒంట్లోలాగే.
కొంచెం ఇస్తాడు, చాలా ఆపుతాడు.
కాగితం మీద వేసి చూస్తే
వందకు నాలుగు, సరిగ్గా.

"ఆ గంటన్నర కోసెయ్, గొడవ వదుల్తుంది" అన్నారు మా సారు.
కోశాను.
మీటింగులో ఎవరూ ఏమీ అడగలేదు.
పట్టికలో "సిస్టమాటిక్ దోషం, తొలగించబడింది" అని
ఒక వరుస మిగిలింది.

కోసిన ముక్కల్ని చెరపలేదు. వేరే ఫైల్లో పెట్టి
'నీడ' అని పేరిచ్చాను.
పని తెమలనప్పుడు తెరుస్తాను.
పంతొమ్మిదో తారీఖు
మధ్యలో ఆరు నిమిషాలు గీత పైకి లేచి దిగింది,
మంచినీళ్లకు లేచి ఉంటాడు.
ఇరవై మూడున గుంట నాలుగున్నర దాకా సాగింది.
ఆ రోజు నేను పై అంతస్తులోనే ఉన్నాను.
జ్వరమేమో. ఎవరూ ఇంటికి పొమ్మనలేదేమో.

ఇటుకలు తిరిగొచ్చే ముందురోజు
ఆయన సెలవులో ఉంటే
నేనూ ఆ చాప మీద పడుకున్నాను.
రాయి నిజంగానే చల్లగా ఉంది.
సాయంత్రం పైకెళ్లి చూసుకున్నాను.
నా గుంట ఆయనదాని కంటే లోతు తక్కువ.
పైగా మూడుచోట్ల తెగింది,
ఫోనుకు లేచాను.